నీళ్లు తీసేసిన లెక్క

కోడూరులో మా మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద చిన్న మేత షెడ్డు ఉంది. ఓ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలప్పుడు మా అమ్మాయి హాసిని ఆ షెడ్డులోంచి ఒక ప్లాస్టిక్ సంచి ఎత్తి పట్టుకుని, "అమ్మా, ఇదిగో నీ బొమ్మ!" అని అరిచింది. మా చిన్నవాడు నీళ్లలోకి జారిపోకుండా వాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. తల తిప్పి చూశాను. సంచి మీద బూడిదరంగు గుట్టలాంటి ప్రొటీన్, దాని మధ్య గుంటలో ఆకుపచ్చ అణువు. ఆ ఆకుపచ్చ నేను ఎంచుకున్నదే. హాసిని మొదటి పుట్టినరోజు గౌను రంగు. నా పరిశోధన పేపర్లో మూడో బొమ్మ అది. దాని కింద పెద్ద అక్షరాలు: "పరిశోధనలో నిరూపితం. తెల్లమచ్చ వైరస్‌ను అడ్డుకుంటుంది."

అప్పటిదాకా నీళ్ల అంచున ఉన్న పిల్లాడి గురించి వణుకుతున్నదాన్ని, ఆ సంచి చూసి వాడి చొక్కా వదిలేశాను. ఏదో ప్రమాదం వచ్చిపడిందని నాకు మొదట తెలిసింది ఆ క్షణంలోనే.

షెడ్డులో మావయ్య మోచేతుల దాకా చేతులు ముంచి, తొట్టిలో మేతకి ఆ సంచిలోని పొడి పట్టిస్తున్నాడు. నన్ను చూసి ముఖం చేటంత చేసుకున్నాడు.

"చూశావా అమ్మాయ్! మన పిల్ల కనిపెట్టిన మందని చెప్పి చుట్టుపక్కల చెరువులోళ్ల చేత కూడా కొనిపించా. కంపెనీ కుర్రాడితో ఇది కనిపెట్టింది మా మేనకోడలేనయ్యా అన్నా. వాడు నాకో టోపీ కూడా ఇచ్చాడు."

"మావయ్యా, ఇది చెరువులో ఎవరూ పరీక్షించలేదు. కంప్యూటర్లో కట్టిన లెక్క, అంతే."

"కంప్యూటర్లో కడితే మరీ మంచిది కదే. మనిషైతే తప్పు చేస్తాడు."

అక్కడ నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ తొట్టి బోర్లించి ఉండాల్సింది. ఆయన ముఖంలో గర్వం చూసి మాట మింగేశాను. ఆ గర్వం నాకూ బాగుంది, అబద్ధమెందుకు?

ముప్పై ఏడేళ్లకి రిటైరయ్యాను

మా ఆయన చేసే ఎగతాళి అది. పదకొండేళ్లు కంప్యుటేషనల్ కెమిస్టుగా పనిచేసి మానేశాను. ఇప్పుడు బందరులో ఇంటి దగ్గర ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లలు పడుకున్నాక కాస్త కాస్తగా ఇది రాస్తున్నాను. ఈ రంగంలోకి వచ్చే వాళ్లకి కాలేజీల్లో ఏం చెబుతారో నాకు తెలుసు. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, అంటే ఎంతమంది తమ పేపర్లలో మన పేపరు పేరు రాశారు, ఏ ర్యాంకు. అవి మీరు ఎలాగూ వింటారు. నాకు వేరే చెప్పాలనుంది, కోపంగానే చెబుతాను.

ముందు అసలు మా పని ఏమిటో చెప్పాలి. కెమిస్టు అనగానే గాజు సీసాలు, పొగలు అనుకుంటారు. మాకు అవేవీ లేవు. ఎక్కడో ఎవరో ఎక్స్‌రేలతో ఒక ప్రొటీన్ ఆకారాన్ని కొలిచి అందరికీ దొరికేలా ఒక ఫైలు పెడతారు. మేం ఆ ఫైలు దించుకుంటాం. ఆ ప్రొటీన్‌లో గుంటలు ఉంటాయి. ఆ గుంటల్లో చిన్న చిన్న అణువుల్ని కూర్చోబెట్టి, ఏది ఎంత గట్టిగా అతుక్కుంటుందో లెక్క కడతాం. బాగా అతుక్కునేది దొరికితే, ఇది మందు కావచ్చు అని రాస్తాం. "కావచ్చు" అన్న మాట మా అన్నం. ఆ సంచి మీద రాసిన వాడు చేసిందల్లా ఆ ఒక్క మాట తీసెయ్యడమే.

పదకొండేళ్లలో నేను ఒక్క వైరస్‌నీ చూడలేదు. సగం కాలం పెద్ద కంప్యూటర్ దగ్గర వరసలో నా లెక్క వంతు ఎప్పుడొస్తుందా అని చూడడానికి, మిగతా సగం ఫైళ్లు సరిచేయడానికి సరిపోయింది. అయినా ఇష్టంగానే చేశాను. ఎవరికీ కనిపించనిది తెర మీద తిప్పి తిప్పి చూడడంలో ఒక ఆనందం ఉంది. ఆ ఆనందాన్ని నేనిప్పటికీ తప్పు పట్టను.

నాకు పని నేర్పింది బందరులో డిగ్రీ చదివినప్పటి సుభద్ర మేడం. ప్రాక్టికల్స్‌లో ఆవిడకి రబ్బరు కనిపిస్తే కిటికీలోంచి బయటికి విసిరేసేవారు. నోటుబుక్కులో పేజీ చింపితే ఆ రోజు ప్రాక్టికల్ సున్నా. ఒకసారి నేను తప్పు రీడింగు మీద నల్లగా దిద్ది దిద్ది పేజీకి చిల్లు పెట్టాను. ఆవిడ ఆ చిల్లులోంచి నన్ను చూశారు, నిజంగానే, పుస్తకం కంటికి దగ్గరగా పెట్టుకుని.

"తప్పు మీద ఒక్క గీత గియ్యవే పిచ్చిమొహమా. కింద ఏముందో కనపడాలి. పక్కన సరైనది రాయి, తారీఖు వెయ్యి. దాచిపెట్టిన తప్పు మళ్లీ చేస్తావు. కనపడే తప్పు చెయ్యవు."

ఆ పద్ధతి విలువ ఎంతో నాకు పదిహేనేళ్ల తర్వాత గానీ తెలియలేదు.

పేపరు ఎలా పుట్టింది

పీహెచ్‌డీ అయ్యాక ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. పేరు చెప్పను. బందరు నుంచి బస్సెక్కి, గుడివాడలో ఇంకో బస్సు మారి వెళ్లేదాన్ని. అక్కడ పరిశోధనలకి పెద్ద ఒక డీన్ గారు. చెడ్డవాడని అనలేను. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు వచ్చేది ఆయనే. కానీ ఆయనకి పరిశోధన అంటే ధాన్యం బస్తాల లాంటిది. ఎన్ని దిగాయి అన్నదే ప్రశ్న, లోపల గింజ ఉందా పొల్లు ఉందా అని ఎప్పుడూ అడగలేదు. ప్రతి ఏడాది చివర మాకందరికీ ఒక జాబితా పంపేవారు, "ఈ కింది మన పేపర్లను మీ పేపర్లలో సైట్ చేయవలెను" అని. మేం చేసేవాళ్లం. పక్క జిల్లా కాలేజీ వాళ్లు మావి చేసేవాళ్లు, మేం వాళ్లవి చేసేవాళ్లం. వాయనాలు ఇచ్చి పుచ్చుకున్నట్టు.

తెల్లమచ్చ మా ప్రాంతపు గుండె దడ. రాత్రికి రాత్రి రొయ్యల చెరువుని ఊడ్చేసే వైరస్. దివిసీమ అంచున మడ అడవుల్లో దొరికే తెల్లమడ ఆకులో ఉన్న అణువుల్ని ఆ వైరస్ పైతొడుగు ప్రొటీన్ మీద పరీక్షిస్తే ఎలా ఉంటుందని నాకు తోచింది. ఆలోచన నాదే, ఇప్పటికీ మంచిదే.

మా ల్యాబు గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. మొదటి మెట్టు: ఫైలు దించుకో. రెండో మెట్టు: నీళ్లు తీసెయ్. ప్రొటీన్ ఆకారం కొలిచేటప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న నీటి అణువులు కూడా ఫైల్లో వస్తాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరుతో. అవి లెక్కకి అడ్డం. ఒక్క మీట నొక్కితే అన్నీ పోతాయి. ఎవరూ వాటిని చూడరు. నాకు నేర్పినవాళ్లు చూడలేదు, నేను నేర్పినవాళ్లకి నేనూ చూడమని చెప్పలేదు.

నాది భయం మనిషి. గ్యాసు కట్టేశానా అని గుడివాడ దాకా వెళ్లి ఇంటికి ఫోను చేసే రకం. పిల్లల నీళ్ల సీసా మూత రెండుసార్లు తిప్పి చూస్తాను. అలాంటిదాన్ని ఆ లెక్క దగ్గర మాత్రం భయపడలేదు. ఎందుకంటే అంకె అందంగా వచ్చింది. తెల్లమడలోని ఒక అణువు ఆ గుంటలో అచ్చు గుద్దినట్టు కూర్చుంది. అంకె చెడ్డగా వస్తే పది సార్లు తిరగేసేదాన్ని. మంచిగా వచ్చేసరికి డీన్ గారి గదికి పరుగెత్తాను. చిన్నవాళ్లారా, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: మనసుకి నచ్చిన అంకెనే ఎక్కువ అనుమానించండి.

పేపరు వచ్చింది. డీన్ గారి పేరు చివర, ఉత్తరాలు పంపాల్సిన చిరునామా ఆయనది. సైటేషన్లు వంద దాటినప్పుడు నాకొక సర్టిఫికెట్ ఇచ్చారు. మా హాల్లో ఫ్రిజ్ పైన తగిలించాం. అప్పటినుంచి నాకో జబ్బు పట్టుకుంది. పొద్దున్నే గుడివాడ బస్సులో కూర్చోగానే ఫోను తీసి ఆ సంఖ్య పెరిగిందా అని చూసేదాన్ని. పిల్లలు టిఫిను తిన్నారా అని ఇంటికి చేసే ఫోను దాని తర్వాతే.

ఆ మూడు రోజులు

మేత షెడ్డులో సంచి చూసిన రెండు వారాలకి, ఒక ఉదయం, డీన్ గారి మీటింగులో ఉండగా మావయ్య ఫోను. గోడకి తెర మీద మా కాలేజీ సైటేషన్ల గీత పైకి పోతోంది. ఫోను చేత్తో కప్పుకుని గుమ్మం దాకా వచ్చాను.

"అమ్మాయ్, పక్క చెరువుకి తెల్లమచ్చ తగిలిందంట. నా గట్టున కూడా రెండు రొయ్యలు తేలాయి. మందు రెట్టింపు వెయ్యమంటున్నాడు కంపెనీ కుర్రాడు. వెయ్యనా, పట్టేయనా?"

పట్టెయ్యడమంటే ఉన్న సైజులోనే, వచ్చిన ధరకే చెరువంతా వల వేసి అమ్మేయడం. జబ్బు కనపడ్డ రోజున పడితే ఎంతో కొంత దక్కుతుంది. ఒక్క రోజు ఆగినా దక్కదు. ఇది దివిసీమలో అందరికీ తెలుసు. మావయ్యకీ తెలుసు. మందు మీద నమ్మకం లేకపోతే ఆయన నన్ను అడిగేవాడే కాదు, వల వాళ్లకి కబురు పంపేవాడు.

"పట్టేస్తేనే మంచిదేమో మావయ్యా. మీటింగులో ఉన్నా, మళ్లీ చేస్తా," అన్నాను.

మంచిదేమో! పేపర్లో మెలికలు తిప్పి రాసి రాసి, ఇంటి మనిషి ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా నా నోరు ఆ "ఏమో"ని వదల్లేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం బస్సులోంచి చేశాను.

"రెట్టింపు వేసేశానే. నీ మందు మీద నాకు నమ్మకం లేకపోతే ఎవరికుంటది? ఇంకో మూడు వారాలు ఆగితే మంచి సైజు," అన్నాడు.

మూడో రోజు మావయ్య చెయ్యలేదు. అత్తయ్య చేసింది. ఆవిడ గొంతు కంటే ముందు నాకు తెలిసింది వెనకాల చప్పుడు లేకపోవడం. ఆ చెరువు దగ్గర్నుంచి ఎప్పుడు ఫోను వచ్చినా నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల హోరులో సగం మాటలు వినపడేవి కావు. ఆ రోజు ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

"పోయిందే అమ్మాయ్. ఏరేటర్లు కట్టేశాం."

నంబరు 214

ఆ ఆదివారం వెళ్లాను. మావయ్య గోచీ పోసుకుని చచ్చిన చెరువులో బ్లీచింగ్ చల్లుతున్నాడు, జబ్బు నీళ్లు కాలవలోకి పోయి ఇంకొకరి చెరువు పాడవకుండా. నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది. తలెత్తకుండానే అడిగాడు.

"అసలు ఎలా కట్టారే ఆ లెక్క?"

చెప్పాను. ఫైలు దించుకుంటాం. నీళ్లు తీసేస్తాం. అణువుని కూర్చోబెడతాం.

చల్లడం ఆపాడు. "ఏం నీళ్లు?"

"ప్రొటీన్‌ని పట్టుకుని ఉండే నీటి అణువులు మావయ్యా. అందరూ తీసేస్తారు."

"నీళ్లు తీసేసి రొయ్య జబ్బుకి లెక్క కట్టారా!" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పొద్దున్నే నీళ్లు పరీక్ష చెయ్యకుండా మేం మేత కూడా వెయ్యమే. ఏవమ్మా, చదువుకున్నోళ్లు మీరు."

ఆయనకి మా లెక్కల గురించి ఏమీ తెలియదు. ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు అని నేను చెప్పగలిగేదాన్నే. కానీ సోమవారం ల్యాబుకి వెళ్లగానే మొదటి ఫైలు తీశాను, మీట నొక్కకముందు ఎలా ఉందో అలా. ఆ గుంట అడుగున, ప్రొటీన్ రెండు కొనల మధ్య ఇరుక్కుని ఒక్క నీటి అణువు ఉంది. నంబరు 214. ఆకారం కొలిచిన వాళ్లు తమ పేపర్లో దాని గురించి రాశారు కూడా, ఇది గట్టిగా బిగుసుకుని ఉంది, సులభంగా కదలదు అని. ఆ పేపరుని నేను నా పేపర్లో సైట్ చేశాను. ఆ పేజీ చదవలేదు.

214ని దాని చోట ఉంచి లెక్క మళ్లీ కట్టాను. తెల్లమడ అణువు ఆ గుంటలో నిలవలేదు. తెర మీద కాసేపు తచ్చాడి, పక్కకి జారి, నీళ్లలోకి వెళ్లిపోయింది. మూడు సార్లు కట్టాను. మూడు సార్లూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత నా పేపరుని సైట్ చేసిన వాటిని ఒక్కొక్కటే తెరిచి చదివాను. వారం పట్టింది. నా లెక్కని తిరిగి కట్టిన వాళ్లు ఒక్కరు లేరు. ఒకటి కోళ్ల మేత గురించి. ఒకటి బియ్యపు పొట్టుతో ఇటుకలు చెయ్యడం గురించి. వంద మంది నా పేరు రాశారు, ఒక్కరూ నా పని చూడలేదు. నన్ను అడిగింది కోడూరులో గోచీ పోసుకున్న ఒక్క మనిషి.

డీన్ గారి గది

ఫలితాలు ప్రింటు తీసుకుని వెళ్లాను. ఆయన చదవలేదు. కాగితాల మీద చెయ్యి పెట్టి, టీ చెప్పారు.

"జ్యోతి గారూ, సైన్సులో తప్పులు సహజమండీ. ఎప్పుడో ఎవరో వేరే పేపర్లో సరిదిద్దుతారు. మనది మనమే దిద్దుకోవడం దేనికి?"

"రైతులు మందు వాడుతున్నారు సార్. మనం పేపరు వెనక్కి తీసుకోవాలి."

"మనం మందు అమ్మలేదే. పేపర్లో 'కావచ్చు' అనే రాశాం."

"సంచి మీద మన బొమ్మ ఉంది సార్."

"అదే కదా ఇంపాక్ట్ అంటే!" అన్నారు. నిజంగా సంతోషంగా అన్నారు. "ల్యాబు నుంచి పొలానికి. వచ్చే నెల ర్యాంకింగ్ వాళ్లు వస్తున్నారు, ఇది చూపిద్దామనుకుంటున్నాను. ఇంకో విషయం, ఆ కంపెనీ వాళ్లు కోడూరులో రైతు సదస్సు పెడుతున్నారు, కొత్త పంటకి రొయ్యపిల్లల సీడు వేసే ముందు. మీకు సన్మానం. మీ వాళ్ల ఊరే కదా, గర్వంగా ఉండదూ?"

నేను లేచాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించారు.

"ఇద్దరు పిల్లల తల్లి మీరు. కాంట్రాక్టు జూన్‌లో రెన్యువల్. నా కూతురిలాంటి వారు కాబట్టి చెబుతున్నాను."

కూతురిలాంటి వారట! కూతురి భయాన్ని తూకం వేసి బేరమాడే తండ్రిని నేనెక్కడా చూడలేదు. మీకు ఈ రంగంలో అరిచే బాసులు ఎదురవుతారు. వాళ్లతో ప్రమాదం లేదు. టీ తెప్పించి, పిల్లల క్షేమం అడిగి, తప్పుని ఉంచెయ్యమనే వాళ్ల దగ్గర జాగ్రత్త.

పత్రికకి నేనే ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగా వచ్చింది: రచయితలందరూ ఒప్పుకుంటే పరిశీలిస్తాం. అందరూ అంటే డీన్ గారు.

మా ఆయనతో చెప్పాను. ఆయన హాల్లో సర్టిఫికెట్ వంక చూశారు.

"సన్మానానికి వెళ్లకపోతే సరిపోతుందిగా?"

"నేను వెళ్లకపోయినా సంచి వెళ్తుంది," అన్నాను.

కర్చీఫ్

సదస్సు రోజున షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఇడ్లీ, అందరికీ టోపీలు. వేదిక మీద డీన్ గారు, కంపెనీ కుర్రాడు, నేను. వెనక బ్యానరు మీద నా మూడో బొమ్మ మనిషంత ఎత్తున. మావయ్య మూడో వరసలో, టోపీ లేకుండా. ఆయన కొత్త సీడుకి చెరువు సిద్ధం చేసుకున్నాడు. షెడ్డులో ఆరు సంచులు ఇంకా ఉన్నాయని అత్తయ్య నాతో చెప్పింది. పారేస్తాడో వాడతాడో ఆవిడకీ తెలియదు. ఆ ఊళ్లో ఇంకెన్ని షెడ్లలో ఎన్ని ఉన్నాయో.

శాలువా కప్పి, మైకు ఇచ్చారు. రాసుకున్న కాగితం తియ్యలేదు.

"అందరికీ నమస్కారమండీ. ఆ వెనక బొమ్మ నేను వేసిందే. అది తప్పు."

వెనక్కి తిరిగి ఆ బొమ్మ వైపు చెయ్యి చూపించాను.

"అవనిగడ్డ బస్టాండులో బస్సు రాగానే ఏం చేస్తాం? కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేస్తాం. కర్చీఫ్ ఉన్న సీట్లో ఇంకెవరూ కూర్చోరు, అవునా? ఈ వైరస్‌లో మందు కూర్చోవాల్సిన సీటు ఒకటుంది. ఆ సీట్లో ముందే కర్చీఫ్ ఉంది. నేను లెక్క కట్టేటప్పుడు దాన్ని తీసి పారేసి, నా మందుని కూర్చోబెట్టి, చక్కగా కూర్చుందని రాశాను. నిజం బస్సులో దానికి సీటు లేదు. ఈ తెల్లమడ పొడి తెల్లమచ్చని ఆపుతుందని నా లెక్క చెప్పడం లేదు. జబ్బు కనపడితే దీన్ని నమ్ముకుని ఆగకండి. పట్టేయండి."

ఈసారి "ఏమో" అనలేదు.

డీన్ గారు నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాపారు. కంపెనీ కుర్రాడు, "మేడం గారు చాలా వినయంగా మాట్లాడారు, శాస్త్రవేత్తలు అలాగే..." అని అందుకోబోయాడు. ముందు వరసలోంచి ఒకాయన అరిచాడు.

"ఆగవయ్యా! తప్పని ఆవిడే చెప్తుంటే వినయం అంటావేంటి?"

ఇంకొకడు: "మరి మీ ల్యాబులో చేసి చూడకుండా మా చెరువుల మీద చేశారా ప్రయోగం?"

వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. కోపంగా లేడు. నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, మీ మావయ్య చెరువు పోయింది కాబట్టి చెబుతున్నావు. మా చెరువే పోయి, ఆయనది నిలబడుంటే చెప్పేదానివా?"

"తెలీదండీ," అన్నాను.

ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు. ఎవరి చెరువూ పోకముందే, ఎవరూ అడగకముందే, నంబరు 214 ఆ ఫైల్లో ఉంది. నేను చూడలేదు. మిగతా కోపమంతా డీన్ గారి మీద, ఆ కుర్రాడి మీద, ఆ వంద మంది మీద పెట్టుకోవచ్చు. ఈ ముక్క మాత్రం నాదే.

శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి దిగాను. బస్టాపు దాకా మావయ్య నా పక్కనే నడిచాడు. బస్సు కనపడ్డాక అన్నాడు.

"నేను చెప్పబట్టి కొన్నోళ్లు ఉన్నారు. రేపట్నుంచి వాళ్ల గుమ్మాలెక్కి ఆ సంచులు నేనే తెచ్చుకోవాల."

"నేనూ వస్తా మావయ్యా."

"ఎందుకులే. మొదట్రోజు షెడ్డులోనే అరిచుంటే సరిపోయేది. చిన్నప్పుడు జామకాయ ఇవ్వకపోతే ఊరంతా వినపడేలా అరిచేదానివి. చదువుకున్నాక నోరు పడిపోయింది నీకు." అని, బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీదికి తన తువ్వాలు విసిరాడు. "ఎక్కు. సీటు పోద్ది."

మిగిలింది

జూన్‌లో నా కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. ఆ పేపరు ఇప్పటికీ అక్కడే ఉంది. సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి. నా తప్పుని వివరిస్తూ నేను ఇంటర్నెట్లో విడిగా పెట్టిన నాలుగు పేజీల నోట్‌ని ఇంతవరకు సైట్ చేసింది ఒక్కరు. ఆ ఒక్కరు లెక్క తిరిగి కట్టి చూశారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. నా పదకొండేళ్ల ఇంపాక్ట్ ఏమిటని ఎవరైనా అడిగితే ఆ ఒక్క అంకె చెబుతాను.

ఆ సదస్సయి కోడూరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న, స్కూలు వాను రావడానికి ఇంకా టైముంది. హాసిని డైనింగ్ టేబుల్ దగ్గర ఏడుస్తూ తెలుగు నోటుబుక్కులో ఒక పేజీ అంచు పట్టుకుని లాగుతోంది. "నాకు నచ్చిన మనిషి" అని స్కూల్లో రాయమన్నారట. "మా అమ్మ రొయ్యల జబ్బుకి మందు కనిపెట్టింది" అని రాసి, కింద ఆకుపచ్చ పెన్సిలుతో నా మూడో బొమ్మ వేసింది. రాత్రి వాళ్ల నాన్నకి నేను చెప్పినదంతా విన్నట్టుంది. చిన్నవాడు అక్కకి సాయంగా రబ్బరు పట్టుకుని నిలబడ్డాడు.

రబ్బరు వాడి చేతిలోంచి తీసుకుని నా కొంగున ముడి వేసుకున్నాను. ఇద్దర్నీ చెరో పక్క కూర్చోబెట్టుకున్నాను.

"చింపకు తల్లీ. నువ్వు కూడా చూడరా. అమ్మ మందు కనిపెట్టలేదు. అమ్మ తప్పు చేసింది, దానివల్ల కోడూరు తాతయ్య చెరువు పోయింది. ఆ వాక్యం మీద ఒక్క గీత గియ్యి, కింద ఏం రాసి ఉందో కనపడేలాగా. పక్కన నిజం రాయి. తారీఖు వెయ్యి. బొమ్మ ఉండనీ. ఆ గుంటలో అడుగున ఒక నీటి చుక్క వెయ్యాలి, అమ్మ వెయ్యడం మర్చిపోయింది. ఇటివ్వు పెన్సిలు, ఎక్కడో చూపిస్తాను."